పాత సామానుతో కొత్త వేటగాడు

1811లో ఇంగ్లండు దక్షిణ తీరాన, లైమ్ రీజిస్ అనే చిన్న రేవు ఊరి పక్కన, సముద్రానికి ఎదురుగా నిలబడ్డ కొండగోడలోంచి ఒక పుర్రె బయటపడింది. పొడవు నాలుగడుగులు. దవడల నిండా పళ్లు. కంటి గుంత ఒక్కటే జానెడు పైన ఉంది. దాన్ని కనిపెట్టినవాడు జోసెఫ్ ఆనింగ్ అనే కుర్రాడు. ఊళ్లోవాళ్లు మొసలి అన్నారు. తండ్రి రిచర్డ్ వడ్రంగి, బీరువాలూ బల్లలూ చేసేవాడు. అంతకు ముందరి ఏడే ఇంటినిండా అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. జోసెఫ్ కుర్చీలకూ సోఫాలకూ మెత్తలు వేసే పని నేర్చుకోవడానికి ఒకరి దగ్గర కుదిరాడు. అందుకని ఆ తలకు సరిపోయే ఒళ్లు వెతికే పని చెల్లెలు మేరీ మీద పడింది. అప్పటికి మేరీకి పన్నెండేళ్లు.

చదువంటే ఆమెకు ఉన్నది చర్చివాళ్లు ఆదివారాలు నడిపే బడిలో అబ్బిన అక్షరాలు. పని మాత్రం తండ్రి దగ్గర నేర్చుకుంది. ఎక్కడ వెతకాలో, ఏ రాయి పగలగొట్టాలో, దొరికినదాన్ని ఎలా శుభ్రం చేసి ఇంటి ముందు బల్ల మీద అమ్మకానికి పెట్టాలో ఆయనే చూపించాడు. నెపోలియన్‌తో యుద్ధం జరుగుతున్న రోజులవి. డబ్బున్నవాళ్లు యూరప్ వెళ్లలేక ఇంగ్లండు సముద్రతీరాలకే విహారానికి వచ్చేవారు. చుట్టలు తిరిగిన అమ్మోనైట్ శంఖాలూ, వేలంత పొడుగున్న బెలెమ్నైట్ ములుకులూ వాళ్లకు సరదా వస్తువులు. ఆనింగ్‌ల ఇంటికి అవి పూట గడిపే సరుకు.

ఆ తీరపు రాయి తీరు తెలిస్తేనే మేరీ పనితనం అర్థమవుతుంది. బ్లూ లయాస్ అనే ఆ కొండలో సున్నపురాయి పొర ఒకటి, దాని మీద నల్లటి బంకరాయి పొర ఒకటి, మళ్లీ సున్నపురాయి, ఇలా వరుసలు తీరి ఉంటాయి. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్న బురద అది. చలికాలపు తుపానుకు అలలు కొండ పాదాన్ని కోస్తాయి. పైన వాన నీరు దిగి బంకరాయి జారుతుంది. కొండ విరిగినప్పుడల్లా కొత్త ముఖం బయటపడుతుంది. బయటపడ్డదాన్ని గుర్తుపట్టి తీయకపోతే తర్వాతి పోట్లు దాన్ని నలిపి ఇసుక చేస్తాయి. అంటే వెతకడానికి మంచి కాలం, కొండ మీద పడడానికి అనువైన కాలం రెండూ ఒకటే. 1833లో అలాంటి ఒక జారుడు మేరీ కళ్ల ముందే ఆమె కుక్కను పొట్టనబెట్టుకుంది.

పుర్రె దొరికాక ఏడాది లోపే కొండ మరోసారి విరిగి, మిగతా అస్థిపంజరం మేరీకి కనిపించింది. కూలీలను పెట్టి తవ్వించారు. మొత్తం పొడవు 17 అడుగులు. ఆ ఊరి జమీందారు హెన్రీ హెన్లీ 23 పౌన్లకు కొన్నాడు. తర్వాత అది విలియం బుల్లక్ అనే ఆయన లండన్‌లో నడిపే ప్రదర్శనశాలకు చేరింది. 1819 వేలంలో బ్రిటిష్ మ్యూజియం 45 పౌన్లకు పాడుకుంది. పుర్రె ఇప్పటికీ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

ఆ జంతువు గురించి 1814 నుంచి వరసగా వ్యాసాలు రాసినవాడు ఎవరార్డ్ హోమ్ అనే శస్త్రవైద్యుడు. వాటిలో మేరీ పేరు లేదు. హోమ్ ముందు అది చేపకు దగ్గర అన్నాడు. తర్వాత మాట మార్చి, గుహల్లో బతికే ప్రోటియస్ అనే ఉభయచరానికి చుట్టం అనుకుని ప్రోటియోసారస్ అని పేరు పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే చార్ల్స్ కోనిగ్ సూచించిన ఇక్తియోసారస్ నిలిచింది. హోమ్‌ని ఇప్పుడు వెక్కిరించడం తేలికే గానీ, ఆయన ముందున్న ముక్కలు చూడండి. మూతి డాల్ఫిన్‌ది. పళ్లు మొసలివి. వెన్నుపూసలు చేపవి. తెడ్లు తిమింగలానివి. భుజం దగ్గర ఎముకల అమరిక ఆస్ట్రేలియాలో గుడ్లు పెట్టే ప్లాటిపస్‌ను పోలి ఉంది. ఏ ఒక్క ముక్కను పట్టుకున్నా అది తప్పు ఇంటికే దారి చూపిస్తుంది.

తర్వాత తేలిన జవాబు ఇది. నేల మీద నాలుగు కాళ్లతో తిరిగిన సరీసృపం ఒకటి సముద్రంలోకి దిగి, తిరిగి రాలేదు. సముద్రంలో బతకడానికి దానికి ఎవరూ కొత్త సామాను ఇవ్వలేదు. తెచ్చుకున్న ఎముకలనే పొట్టి చేసుకుంది, చదును చేసుకుంది, సంఖ్య పెంచుకుంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుకుంది. ఇక్తియోసార్ ఒంట్లో ఏ భాగాన్ని పరీక్షించినా ఆ పాత పని ఆనవాలు దొరుకుతుంది. నాకు ఈ జంతువు మీద మోజు పుట్టింది దాని పళ్లను చూసి కాదు, ఈ సర్దుబాటును చూసి.

మూతి నుంచే మొదలుపెడదాం. పై దవడలో ముందుండే ఎముక సాగి సాగి పొడుగాటి ముక్కు అయింది. అది సాగిన కొద్దీ ముక్కు రంధ్రాలు ముందు చివర ఉండక, వెనక్కి, కళ్ల దాకా జరిగాయి. నీటిపైకి వచ్చి ఊపిరి తీయాలంటే మూతి మొత్తం పైకెత్తనక్కర్లేదు. పొడుగాటి సన్నటి మూతికి నీటిలో ఇంకో లాభం ఉంది. వెడల్పు తలను పక్కకు విసిరితే నీరు ఎదురుతంతుంది. సన్నటి మూతి నీటిని కోసుకుంటూ పోతుంది, చేప తప్పుకునే లోపు పళ్లు అందుకుంటాయి.

పళ్లు మొసలి పళ్లలా కనిపిస్తాయి గానీ, దవడలో నాటిన తీరు వేరు. మొసలికి ప్రతి పంటికీ విడి గుంత ఉంటుంది. ఇక్తియోసార్లలో చాలావాటికి దవడ పొడుగునా ఒకటే గాడి. పళ్లన్నీ ఆ గాడిలో వరసగా నిలబడతాయి. విడి గుంత లేనప్పుడు పన్ను ఊడిపోదా? దానికీ ఏర్పాటుంది. పంటి వేరు నున్నగా ఉండదు, నిలువునా మడతలు పడి ఉంటుంది. మడతల వల్ల వేరు ఉపరితలం పెరిగి, పట్టు బిగుస్తుంది. అరిగిన పన్ను కింద కొత్త పన్ను మొలుస్తూనే ఉంటుంది. ఇక్తియోసార్ అనేది ఇప్పుడు ఈ వంశమంతటికీ పేరు; మేరీకి దొరికిన జంతువును విడిగా టెమ్నోడోంటోసారస్ అంటున్నారు. దాని పళ్లకు అంచుల వెంట కోసే గీటు ఉంది. తోటి ఇక్తియోసార్లు కూడా దాని ఆహారమే. జర్మనీలో దొరికిన ఒక టెమ్నోడోంటోసారస్ పొట్టలో చిన్న ఇక్తియోసార్ల ఎముకలున్నాయి.

ఇక కన్ను. దీని దగ్గర కాసేపు ఆగక తప్పదు. టెమ్నోడోంటోసారస్ కనుగుడ్డు అడ్డకొలత 26 సెంటీమీటర్ల దాకా ఉంటుందని 1999లో లెక్కగట్టారు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంతకన్నా పెద్ద కన్ను ఇంకోటి తెలియదు. మెత్తటి కన్ను కుళ్లిపోయాక ఆ కొలత ఎలా తెలిసింది? కంటి గుంతను బట్టి చెబితే తప్పు వస్తుంది, ఎందుకంటే గుంతలో కండరాలూ కొవ్వూ కూడా పడతాయి. ఇక్తియోసార్ కంటి తెల్లగుడ్డు గోడలోనే సన్నటి ఎముక పలకలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి, గుండ్రటి వలయంగా కుదురుకుని ఉంటాయి. వలయం బయటి అంచు కనుగుడ్డు ఎంత పెద్దదో చెబుతుంది. లోపలి రంధ్రం కనుపాప ఎంతవరకు తెరుచుకోగలదో చెబుతుంది. ఈ రెండు కొలతలుంటే కెమెరా కటకానికి కట్టినట్టే కంటికీ వెలుతురు పట్టే లెక్క కట్టొచ్చు. ఆ అంకె ఎంత చిన్నదైతే అంత మసక వెలుగులోనూ చూపు ఆనుతుంది. మనిషి కంటికి అది 2కు కాస్త పైన. చీకట్లో తిరిగే పిల్లికి 0.9 దగ్గర. ఆఫ్తాల్మోసారస్ అనే ఇక్తియోసార్‌కు 1 దరిదాపుల్లో తేలింది. సూర్యకాంతి సన్నగిల్లిన లోతుల్లో అది వేటాడేదనడానికి ఇదొక ఆధారం.

ఆ పలకల వలయం సముద్రంలో పుట్టిన వస్తువు కాదు. బల్లులకు ఉంది, పక్షులకు ఉంది, నేల మీది పాత సరీసృపాలకూ ఉండేది. అక్కడ అది కంటి ఆకారాన్ని నిలబెట్టే చిన్న చట్రం. కన్ను ఇంత పెద్దదై, బంతిలా కాక చదునుగా మారిన తర్వాత, నీటిలో దూసుకుపోయేటప్పుడు దాని రూపు చెదరకుండా పట్టి ఉంచే భారం ఆ చట్రం మీదే పడింది. ఈ ఏర్పాటు అర్థం కాని రోజుల్లో ఒక తమాషా జరిగింది. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో ప్రాచీన జంతువుల పెద్ద బొమ్మలు నిలబెట్టారు. అందులో ఇక్తియోసార్ కళ్ల పైన ఈ పలకలు బయటికే కనిపించేలా చెక్కారు. బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, కళ్ల మీద పలకలతో సహా.

వెన్నుపూసను విడిగా చేతిలోకి తీసుకుంటే మొదట తోచేది చేపే. గుండ్రంగా, మందం తక్కువగా, రెండు వైపులా లోపలికి గుంత పడి ఉంటుంది; రెండు మూకుళ్లను అడుగూ అడుగూ ఆనించి అతికిస్తే వచ్చే ఆకారం. హోమ్ చేప అనుకున్నది వీటిని చూసే. మొదటి కాలపు ఇక్తియోసార్లలో పూసలు ఇంత పొట్టిగా లేవు. వాటి ఒళ్లు పొడుగ్గా సన్నగా ఉండేది, ఒళ్లంతా మెలికలు తిప్పుతూ ఈదేవి. తీరం దగ్గర, లోతు తక్కువ నీళ్లలో, అటూ ఇటూ చురుగ్గా తిరగడానికి అది చాలు. నడిసముద్రంలో రోజంతా ఈదాలంటే మాత్రం ఒళ్లు తిప్పడంలోనే బలమంతా ఖర్చవుతుంది. తర్వాతి జాతుల్లో పూసల అడ్డకొలత పెరిగి, మందం తగ్గింది. ఒక్కో కీలు వంగేది చాలా తక్కువ. మొండెం బిగుసుకుని, ఊపు మొత్తం తోక దగ్గరికి చేరింది. ట్యూనా చేపకూ వేగంగా ఈదే సొరచేపలకూ ఉన్న పద్ధతి ఇదే.

ఆ తోక ఊగేది పక్కలకు. డాల్ఫిన్ తోక పైకీ కిందికీ ఊగుతుంది. రెండూ నేల మీది నుంచి సముద్రంలోకి దిగినవే, చూడటానికి కవలల్లా ఉంటాయి, మరి తోక దగ్గర ఎందుకు విడిపోయాయి? బల్లి నడకను గమనించండి, నడుం కుడికీ ఎడమకీ వంగుతుంది. పరుగెత్తే కుక్కను చూడండి, నడుం పైకి లేచి కిందికి దిగుతుంది. సరీసృపం నీటిలోకి తన పక్క వంపు పట్టుకుపోయింది. క్షీరదం తన నిలువు వంపు పట్టుకుపోయింది. ఒకదానికి తోక రెక్క నిలువుగా వచ్చింది, ఇంకోదానికి అడ్డంగా వచ్చింది. నాకు ఈ ఒక్క సంగతి చాలు, డాల్ఫిన్ బొమ్మను ఇక నిమిషం సేపైనా మామూలుగా చూడలేను.

తోక ఎముకల్లో ఇంకో మర్మం ఉంది. దొరికిన అస్థిపంజరాల్లో తోక కొస దగ్గర వెన్ను ఉన్నట్టుండి కిందికి వంగి ఉండేది. చచ్చాక విరిగిందనుకున్నారు. చాలాచోట్ల అస్థిపంజరాన్ని నిలబెట్టేటప్పుడు తోకను సరిచేసి తిన్నగా పెట్టేశారు కూడా. 1838లో రిచర్డ్ ఓవెన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఎన్నో నమూనాలను పక్కపక్కన పెట్టి చూసి, వంపు ప్రతిదానిలోనూ ఇంచుమించు ఒకేచోట వస్తోందని గమనించాడు. ప్రమాదమైతే ఒక్కోటి ఒక్కోచోట విరగాలి. ఒకేచోట విరుగుతోందంటే అక్కడ దాన్ని లాగే బరువైన భాగం, ఎముక లేని రెక్క, ఉండి ఉండాలి. చచ్చి ఒరిగాక ఆ రెక్క లాగడం వల్ల వెన్ను వంగిందని ఆయన ఊహ. రెక్క ఉందన్న మాట నిజమైంది. వంపు మాత్రం బతికుండగానే ఉన్నదని తర్వాత తేలింది.

దానికి సాక్ష్యం జర్మనీలోని హోల్ట్స్‌మాడెన్ పలకరాళ్ల నుంచి వచ్చింది. బెర్న్‌హార్డ్ హాఫ్ అనే యువకుడు అక్కడి గనుల్లో దొరికే ఇక్తియోసార్లను శుభ్రం చేసేవాడు. ఎముకల చుట్టూ ఉన్న రాయిని గీకేటప్పుడు కనిపించే పల్చటి నల్లపొరను తోసెయ్యకుండా నిలిపితే ఏమొస్తుందో 1892లో అతని చేతుల్లో బయటపడింది. అది చర్మం మిగిల్చిన మరక. జంతువు హద్దు మొత్తం దానిలో ఉంది. వీపు మీద ఎముక లేని త్రికోణపు రెక్క. తోకకు నెలవంక ఆకారం. వంగిన వెన్ను దిగేది కింది కొమ్ములోకి. పై కొమ్ములో ఎముక ముక్క కూడా లేదు. సొరచేపకు ఇది తలకిందులు, దాని వెన్ను పై కొమ్ములోకి ఎక్కుతుంది. ఎముకల్ని మాత్రమే లెక్కపెట్టేవారికి ఆ వీపు రెక్క సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

తెడ్లలో పని ఇంకా సున్నితం. మన చేతిలో పైన ఒక పొడుగు ఎముక, దాని కింద జత ఎముకలు, తర్వాత మణికట్టు ముక్కలు, తర్వాత వేళ్లు. ఇక్తియోసార్ తెడ్డులోనూ అదే వరుస, ఏదీ పోలేదు. కాకపోతే భుజం ఎముక పొట్టిబారి లావెక్కింది. దాని కింది జత ఎముకలు ఎముకలనడానికి వీలు లేనంత పొట్టివై పలకలయ్యాయి. మణికట్టూ వేళ్లూ కలిసి, పలుకోణాల బిళ్లలు సందు లేకుండా పేర్చిన పరుపులా మారాయి. మన వేలికి మూడు ఎముకలుంటే, కొన్ని ఇక్తియోసార్ల వేలికి ఇరవై దాకా ఉంటాయి. కొన్ని జాతులకు అదనపు వేళ్లు కూడా మొలిచాయి. కీళ్లు ఎక్కువైతే ఎక్కువ వంగాలి కదా? ఇక్కడ అలా జరగదు, బిళ్లలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి గనక తెడ్డు బిగువుగా నిలుస్తుంది. మోచేయి లేదు, గుప్పిట లేదు. భుజం దగ్గర మాత్రమే తిరిగే గట్టి రెక్క అది. ముందుకు నెట్టేది తోక. ముందు తెడ్లు దిశ మార్చడానికి, ఒరిగిపోకుండా నిలబడడానికి. వెనక తెడ్లు చిన్నవి.

తెడ్డు కథ ఇక్కడితో అయిపోయిందనుకున్న చోట 2025లో ఒక కొత్త అధ్యాయం తెరుచుకుంది. జర్మనీలోని డాటర్న్‌హౌజెన్‌లో, 18 కోట్ల ఏళ్ల పైచిలుకు పాత రాయిలో, ఒక టెమ్నోడోంటోసారస్ ముందు తెడ్డు మెత్తటి భాగాలతో సహా దొరికిన వివరాలు వెలువడ్డాయి. పొడవు ఇంచుమించు మీటరు. కొస దగ్గర ఎముకలు లేవు, సన్నగా సాగిన చర్మపు రెక్క. వెనక అంచు నున్నగా లేక రంపపు పళ్లలా కోసుకుని ఉంది. ఆ పళ్లకు దన్నుగా లోపల సన్నటి మృదులాస్థి కడ్డీలున్నాయి. అలాంటి కడ్డీలు అంతకు ముందు ఏ జంతువులోనూ ఎవరూ చూడలేదు. అంచు అలా ఉండడం వల్ల తెడ్డును దాటి పోయే నీటి సుడి చిన్న చిన్న ముక్కలైపోయి చప్పుడు తగ్గుతుందని పరిశోధకుల అంచనా. గుడ్లగూబ రెక్క అంచుకు ఉన్న ఏర్పాటు లాంటిదే. ఇప్పుడు కంటిని దీని పక్కన పెట్టండి. మసక లోతుల్లో చూడగల కన్ను, దగ్గరికి చేరేదాకా అలికిడి చేయని తెడ్డు. రెండూ ఒక వేటకే తయారయ్యాయని ఊహించడం కష్టం కాదు. మేరీ బయటికి తీసిన జంతువు ప్రజాతికే చెందిన తెడ్డు ఇది.

చర్మం గురించి నాలుగు మాటలు. 2018లో స్టెనోప్టెరిజియస్ అనే ఇక్తియోసార్ చర్మాన్ని అణువుల స్థాయిలో పరీక్షించారు. పొలుసులు లేవు, నున్నటి తోలు. దాని కింద కొవ్వు పొర. వీపు ముదురు రంగు, పొట్ట లేత రంగు. చల్లటి నీటిలో ఒంటి వేడి నిలుపుకునేదనడానికి ఆ కొవ్వు పొర బలమైన సూచన.

ఇంతా మార్చుకున్న జంతువు ఒక్కటి మార్చుకోలేదు: ఊపిరితిత్తులు. మొప్పలు తిరిగి రాలేదు. ఎంత లోతుకు వెళ్లినా గాలికి పైకి రావాల్సిందే. దాంతో ఇంకో చిక్కు. సరీసృపం గుడ్డుకు గాలి కావాలి, నీటిలో పెడితే పిల్ల ఊపిరాడక చస్తుంది. తాబేలు ఇప్పటికీ ఒడ్డుకు పాకేది అందుకే. తెడ్లతో, బిగిసిన మొండెంతో, ఇక్తియోసార్ ఇసుక మీద పాకలేదు. అది గుడ్డును కడుపులోనే ఉంచుకుని పిల్లను కన్నది. పొట్టలో చిన్న అస్థిపంజరాలున్న తల్లులు హోల్ట్స్‌మాడెన్‌లో ఎన్నో దొరికాయి. తల్లి మింగేసిన పిల్లలేమోనన్న అనుమానం చాలాకాలం ఉండేది. కాన్పు మధ్యలో చనిపోయిన తల్లులు, పిల్ల సగం బయటికి వచ్చిన స్థితిలో దొరికాక ఆ వాదనకు చోటు లేకపోయింది. వాటిలో పిల్ల తోక ముందు బయటికి వస్తుంది. తల చివరికి వస్తే మునిగి చావకుండా ఉంటుందని అందరూ చెప్పుకున్నారు.

అయితే 2014లో చైనా నుంచి వచ్చిన ఒక శిలాజం ఈ వరుసను కదిలించింది. అన్‌హుయ్ రాష్ట్రంలో దొరికిన చావోహుసారస్ అది, వయసు 24.8 కోట్ల ఏళ్లు, ఇక్తియోసార్ల వంశంలో అతి పాతవాటిలో ఒకటి. తల్లితో పాటు మూడు పిల్లలున్నాయి: ఒకటి కడుపులో, ఒకటి కటి ఎముకల మధ్య నుంచి వస్తూ, ఒకటి బయట. మధ్యలో ఉన్న పిల్ల తల ముందు పెట్టి వస్తోంది. పిల్లను కనే నేల జంతువుల్లో తల ముందు రావడమే వాడుక. కాబట్టి పిల్లల్ని కనడం సముద్రంలోకి దిగాక నేర్చుకున్న విద్య కాదని, నేల మీదే అబ్బి వెంట వచ్చిందని ఆ శిలాజాన్ని వర్ణించినవాళ్లు వాదించారు. నేను ఇంతసేపూ చెప్పుకొస్తున్న పాత సామాను లెక్కలో దీన్నీ చేర్చుకోవచ్చు.

పరిమాణం మాటకొస్తే, మీటరు పొడవున్న ఇక్తియోసార్లూ ఉన్నాయి, తిమింగలాలంత ఉన్నవీ ఉన్నాయి. 2020లో ఇంగ్లండులోని సోమర్‌సెట్ తీరంలో పదకొండేళ్ల అమ్మాయి తండ్రితో నడుస్తూ ఒక ఎముక ముక్క పట్టుకుంది. ముక్కలన్నీ అతికితే రెండు మీటర్లకు పైబడిన దవడ ఎముక తేలింది. 2024లో ఇక్తియోటైటన్ అని పేరు పెట్టి, మొత్తం జంతువు 25 మీటర్ల దాకా ఉండొచ్చని అంచనా వేశారు.

మేరీ పన్నెండేళ్ల దగ్గరే ఆగిపోలేదు. చేతికి అందిన శాస్త్ర వ్యాసాలను బొమ్మలతో సహా స్వదస్తూరీతో నకలు రాసుకుంది. బతికున్న చేపలనూ కటిల్‌ఫిష్‌నూ కోసి లోపల ఏది ఎక్కడుందో చూసి, రాతిలోని వాటితో పోల్చుకుంది. ఎముకలను చట్రంలో సిమెంటుతో కూర్చి, బొమ్మ గీసుకునేది. 1824లో ఆమెను చూడవచ్చిన ఒకావిడ ఈ పని తీరంతా తన డైరీలో రాసుకుంది. ఇక్తియోసార్ల పొట్ట భాగంలో తరచూ దొరికే బూడిదరంగు రాళ్లుండేవి. పగలగొడితే చేప ఎముకలూ పొలుసులూ కనిపించేవని మేరీ గమనించింది. విలియం బక్లాండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1829లో అవి రాయిగా మారిన పేడేనని తేల్చి కోప్రోలైట్ అని పేరు పెట్టాడు. వేటగాడి భోజనం పట్టీ అలా దొరికింది. ఆ భోజనంలో ముఖ్యమైన, కటిల్‌ఫిష్ లాంటి ప్రాణులైన బెలెమ్నైట్‌ల లోపల ఎండిపోయిన సిరా సంచి ఉందని కూడా మేరీ గుర్తించింది. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్పాట్ ఆ సిరాను నీటితో నూరి, 1833లో ఒక ఉత్తరంలో ఇక్తియోసార్ పుర్రె బొమ్మ గీసింది. తిన్నదాని సిరాతో తిన్నవాడి బొమ్మ.

మన దేశపు రాళ్లలోనూ ఈ జంతువు ఉంది. తమిళనాడులో తిరుచ్చి వైపు దొరికిన వెన్నుపూసలకు లిడెక్కర్ అనే శాస్త్రవేత్త 1879లోనే ఇక్తియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. అవి క్రిటేషియస్ యుగానివి. అంతకన్నా పాతది, ఎంతో నిండైనది గుజరాత్‌లో దొరికింది. కచ్ జిల్లా లోడాయ్ గ్రామం దగ్గర, జురాసిక్ యుగపు గట్టి రాయిలో, ఐదున్నర మీటర్ల అస్థిపంజరం ఇంచుమించు పూర్తిగా ఉంది. అప్పట్లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న గుంటుపల్లి ప్రసాద్, తన సహచరులతో కలిసి, 2017లో దాని వివరాలు ప్రచురించారు. వయసు 15 కోట్ల ఏళ్లకు పైనే. ఆఫ్తాల్మోసారస్ కుటుంబానికి చెందినది, అంటే ఇందాక చెప్పిన మసక వెలుగు కళ్ల వంశం.

దాని పళ్ల మీద అరుగుదల గుర్తులను ప్రసాద్ బృందం ప్రత్యేకంగా పరీక్షించింది. కొసలు అరిగాయి, పక్కలూ అరిగాయి. మెత్తటి చేపలు మాత్రమే తింటే అలా అరగవు. బెలెమ్నైట్ ములుకులు, అమ్మోనైట్ గుల్లలు, గట్టి పొలుసుల కవచమున్న చేపలు నమిలి ఉండాలని వాళ్ల నిర్ధారణ. అప్పట్లో కచ్ టెథిస్ సముద్రం అంచున ఉన్న లోతు తక్కువ నీళ్లు. ఇండియా ఇంకా మడగాస్కర్‌ను అంటుకునే ఉంది. ఇదే కుటుంబం యూరప్‌లోనూ దక్షిణ అమెరికాలోనూ దొరుకుతుంది గనక, ఆ ఖండాల మధ్య అప్పుడు తెరుచుకుంటున్న సముద్రపు దారుల వెంట ఇవి ఇటూ అటూ ఈదుతూ తిరిగేవన్నది వాళ్ల ఊహ. ఆ తర్వాత మరో ఆరు కోట్ల ఏళ్లు ఈ వంశం సముద్రాల్లో సాగింది. డైనోసార్లు పోవడానికి రెండున్నర కోట్ల ఏళ్ల ముందే, సముద్రాలు వేడెక్కి ప్రాణవాయువు తరిగిన కాలంలో, ఇక్తియోసార్లలో ఆఖరివి అంతరించాయి.